గుంటూరులో పిల్లలకి డిజైన్ థింకింగ్ ప్రాజెక్ట్ కోర్సు: ఫీజు కట్టే ముందు ఇది చదవండి

ఎనిమిదో తరగతి చదివే మా పాపని ఈ జనవరిలో బ్రాడీపేటలో ఒక డిజైన్ థింకింగ్ (కష్టం ఉన్నవాళ్ళని అడిగి తెలుసుకుని, దానికి పరిష్కారం చేసి చూసే పద్ధతి) కోర్సులో చేర్పించాం. శని, ఆదివారాలు సాయంత్రం రెండేసి గంటలు, ఫిబ్రవరి ఆఖరు దాకా, ఫీజు 4,500 రూపాయలు. ముప్పై మంది పిల్లలు, ఇద్దరు మెంటర్లు. కోర్సు బాగుంది, కట్టిన డబ్బుకి న్యాయం జరిగింది, చేర్పించాలా వద్దా అని అడిగేవాళ్ళకి నా జవాబు చేర్పించమనే. కాకపోతే చివరి రెండు వారాలు నడిపిన తీరు మాత్రం అసలు నచ్చలేదు, అది కూడా దాచకుండా రాస్తాను. సంస్థ పేరు పెట్టడం లేదు. ఇలాంటి కోర్సులు ఇప్పుడు గుంటూరులోనూ విజయవాడలోనూ వేరే చోట్ల కూడా ఉన్నాయి, ఎక్కడ చేర్పించినా దేన్ని చూసి చేర్పించాలో తెలిస్తే చాలు.

అసలు ఎందుకు చేర్పించామంటే, స్కూల్లో ప్రాజెక్ట్ వర్క్ అన్నారంటే ఇంట్లో అందరికీ టెన్షన్. స్కూల్లో మధ్యమధ్యలో వేసే మార్కుల్లో ప్రాజెక్టుకీ వాటా ఉంటుంది కాబట్టి ఏదో ఒకటి చేసి ఇవ్వక తప్పదు. మీ ఇళ్ళల్లోనూ ఇదే కథ అయ్యుంటుంది. థర్మకోల్ షీటు, స్కెచ్ పెన్నులు, ఫెవికాల్, నెట్‌లోంచి తీసిన ప్రింటౌట్లు, రాత్రి పదకొండింటికి కత్తిరించేది అమ్మ, అతికించేది నాన్న, పొద్దున్నే ఆటోలో విరక్కుండా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళేది పిల్ల. అంత ఓపిక లేకపోతే షాపుల్లో అగ్నిపర్వతం, సౌర కుటుంబం, గాలిమర, అన్నీ రెడీమేడ్‌గా దొరుకుతాయి, వాటికీ మార్కులు బాగానే పడతాయి. ఆ పనిలో పిల్లకి తెలిసిందేమిటి అని అడిగేవాళ్ళు లేరు. టీచర్లని కూడా ఏమనగలం, సెక్షన్‌కి అంతమంది పిల్లలుంటే ఎవరి ప్రాజెక్ట్ ఎవరు చేశారో చూసే తీరిక వాళ్ళకెక్కడ ఉంటుంది.

డిజైన్ థింకింగ్ అంటే బొమ్మలు గీయడం కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డి.స్కూల్ అని ఉంది, వాళ్ళు ప్రచారంలోకి తెచ్చిన అయిదు మెట్లనే చాలా చోట్ల స్కూళ్ళలో వాడుతున్నారు. ముందు కష్టం ఎవరిదో వాళ్ళ దగ్గరికి వెళ్ళి చూడాలి, వినాలి. విన్నదాంట్లోంచి అసలు సమస్య ఏమిటో తేల్చి ఒక్క వాక్యంలో రాయాలి. దానికి ఎన్ని దారులు తోస్తే అన్నీ, పిచ్చివైనా సరే, రాసుకోవాలి. వాటిల్లో ఒకదాన్ని అట్టముక్కలతోనో పాత సీసాలతోనో అప్పటికప్పుడు చేసి చూడాలి. చేసినదాన్ని పట్టుకుని మళ్ళీ ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి, పని చేయకపోతే వెనక్కి వచ్చి మార్చాలి. 2020 జాతీయ విద్యా విధానంలో స్కూళ్ళలో తేవాల్సిన కొత్త విషయాల మధ్య డిజైన్ థింకింగ్ పేరు కూడా ఉంది, సీబీఎస్ఈ అయితే 11వ తరగతిలో దీన్ని స్కిల్ సబ్జెక్టుగా కూడా పెట్టింది, కాబట్టి ఈ పేరుతో కోర్సులు ఇంకా పెరుగుతాయి. నా లెక్కలో మొదటి మెట్టూ చివరి మెట్టూ, అంటే మనిషి దగ్గరికి వెళ్ళడం, చేసింది తీసుకుని మళ్ళీ వెళ్ళడం, ఈ రెండూ ఉంటేనే అది ప్రాజెక్ట్. మధ్యలో మూడూ ఏసీ రూమ్‌లో కూర్చోబెట్టి ఎవరైనా చేయిస్తారు.

మొదటి రోజు పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఎదుటివాళ్ళ స్కూల్ బ్యాగ్ గురించి అడిగి తెలుసుకోమన్నారు. డి.స్కూల్లో ఇదే పనిని పర్సుతో చేయించేవారు. మా పాప ముందే అనుకుంది, బరువు ఎక్కువగా ఉందంటుందిలే, చక్రాలు పెడదాం అని. ఆ అమ్మాయికి బరువుతో ఏ ఇబ్బందీ లేదట. క్యారేజీలో పులుసు కారి నోట్సు తడుస్తోంది, ఇంట్లో చెప్తే తిడతారని రోజూ పుస్తకాలు చేత్తో పట్టుకుని వస్తోందట. అడగకముందే జవాబు రాసేసుకోకూడదని ఆ ఒక్క గంటలో తెలిసింది.

అదే రోజు మెంటర్ చెప్పిన కథని మా పాప రాత్రి అన్నం తింటూ మాకు మొత్తం అప్పజెప్పింది. 2007లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకి క్లాసులో ఒక పని ఇచ్చారు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌ని తక్కువ ఖర్చులో చేయండని. నేపాల్ వెళ్ళి ఆసుపత్రిలో చూస్తే ఇంక్యుబేటర్లు ఖాళీగా పడి ఉన్నాయి. ఆ అవసరం ఉన్న పిల్లలు పుట్టేది పల్లెల్లో, ఇళ్ళల్లో, ఆసుపత్రికి ఎంతో దూరంలో. మరి ఇంక్యుబేటర్ ధర తగ్గించి ఏం లాభం? అందుకని చంటిపిల్లని చుట్టి పడుకోబెట్టే చిన్న సంచి తయారు చేశారు. లోపల మైనం లాంటి పదార్థం నింపిన పౌచ్ ఉంటుంది, దాన్ని వేడి చేసి పెడితే కొన్ని గంటలపాటు 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచుతుంది. ఎంబ్రేస్ అని దాని పేరు, తర్వాత మన బెంగుళూరు నుంచే ఆ పని నడిపారు. ఈ కథ పిల్లల బుర్రలో ఎంతగా నాటుకుందో తర్వాత వాళ్ళ ప్రాజెక్టులో కనిపించింది.

మా పాప టీమ్‌లో నలుగురు ఆడపిల్లలు. వాళ్ళు ఎంచుకున్నది మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతుల మంట. టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ళ వీధిలో ఉండే ఆవిడ ఆ పనికి వెళ్తుంది, అలా వచ్చింది ఆలోచన. సీజన్లో మిర్చి యార్డులోకి పిల్లల్ని తీసుకెళ్ళలేం, లారీలు, టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, ఎటు నుంచి ఎవరొస్తారో తెలియదు. అందుకని మెంటర్ ముందే మాట్లాడి ఊరి చివర ఒక షెడ్డుకి ఏర్పాటు చేశారు, తోడుగా నేనూ వెళ్ళాను. రేకుల షెడ్డు, కింద పట్టాలు పరిచి మధ్యలో కాయల కుప్ప, చుట్టూ ఆడవాళ్ళు. ముక్కుకి అడ్డంగా తువ్వాలు, వేళ్ళకి పాత చీర పీలికలు చుట్టుకుని ఉన్నారు. లోపల అడుగు పెట్టగానే పిల్లలకి తుమ్ములు, కళ్ళల్లో నీళ్ళు. వాళ్ళల్లో ఇద్దరు పుట్టి పెరిగింది గుంటూరులోనే, అయినా ఈ పని ఇలా ఉంటుందని అప్పటిదాకా చూడలేదు.

వెళ్ళే ముందు పిల్లలు రాసుకున్న మొదటి ప్రశ్న "గ్లౌజులు ఇస్తే వేసుకుంటారా?". మెంటర్ దాన్ని కొట్టేయించారు. ఇస్తామంటే ఎవరైనా సరే అంటారు, దాంట్లోంచి తెలిసేదేమీ ఉండదు, దాని బదులు నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఏమేం చేశారో చెప్పమని అడగండి అన్నారు. అలాగే అడిగారు. గ్లౌజుల సంగతి ఒక పెద్దావిడే చెప్పింది. "పోయినేడు ఇచ్చారమ్మాయ్ గ్లౌజులు. చెమటకి లోపల చెయ్యి నానిపోద్ది, తొడిమ పట్టు దొరకదు. కాటా వేసి కేజీకి ఇంతని ఇస్తారు, చెయ్యి ఆడకపోతే నాకేం మిగులుద్ది?" అంది. పక్కన కూర్చున్న చిన్నమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, కాసేపు ఆగి అప్పుడు మాట్లాడింది. "పని చేసేటప్పుడు మంట అంతగా తెలవదు పాపా. ఇంటికెళ్ళాక మా బుడ్డోడు ఎత్తుకోమని ఏడుస్తాడు. ఎత్తుకుంటే నా చెయ్యి తగిలి ఇంకా ఏడుస్తాడు." మా పాప చేతిలో నోట్‌బుక్ ఉంది, ఆ మాట మాత్రం వెంటనే రాసుకోలేకపోయింది.

సమస్య షెడ్డులో కంటే ఇంట్లో ఎక్కువగా ఉందని పిల్లలే పట్టుకున్నారు, నేపాల్ కథ గుర్తొచ్చింది అని ఆటోలో వస్తూ వాళ్ళే అనుకున్నారు. తర్వాతి క్లాసులో ఒక్క వాక్యం రాయడానికి గంటన్నర పట్టింది. మొదట "మిర్చి కార్మికుల చేతుల రక్షణ" అని రాశారట, మెంటర్ ఒప్పుకోలేదు, ఎవరి చేతులు, ఎప్పుడు, దేనికోసం అని అడిగారట. చివరికి నిలిచింది ఇది: పని ముగించి ఇంటికెళ్ళిన తల్లి చంటిపిల్లాడిని ఎత్తుకునేలోపు ఆమె చేతుల మీద కారం పోయేలా మనం ఏం చేయగలం? నాకైతే పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా రాని సంతోషం ఆ వాక్యం చూస్తే వచ్చింది.

సంక్రాంతి సెలవుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళు పెద్దవాళ్ళని అడిగొచ్చారు. మా అమ్మ, కారం కొట్టిన రోజు కొబ్బరినూనె రాసుకుని తర్వాత కడుక్కునేవాళ్ళం, ఉత్త నీళ్ళతో పోదు అని చెప్పింది. దాని వెనక కారణాన్ని క్లాసులో వివరించారు. మిరపకాయలో మంటకి కారణమైన క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. ఘాటైన కూర తిన్నాక ఎన్ని నీళ్ళు తాగినా మంట తగ్గనిది అందుకే. తేజ లాంటి మిర్చి రకాల్లో ఇది ఎక్కువ, కాబట్టి చేతులకీ ఎక్కువ మంట. ముందు నూనెతో రుద్ది, ఆ నూనెని సబ్బుతో కడిగేస్తే కారం దాంతో పాటు పోతుంది. సైన్స్ పాఠంలో ద్రావణీయత అని నిర్వచనం బట్టీ పట్టిన పిల్లే, ఆ పాఠం దేనికి పనికొస్తుందో ఇక్కడ చూసింది.

టీమ్‌కి వంద రూపాయలకి మించి ఖర్చు పెట్టకూడదని రూల్, మిగతాదంతా ఇంట్లో పడి ఉన్న వస్తువులతోనే చేయాలి. ఖాళీ అయిన హ్యాండ్‌వాష్ పంపు సీసాలో తవుడు నూనె పోశారు, సబ్బుని పాత చున్నీ ముక్కలో కట్టి దాని పక్కన వేలాడదీశారు. షెడ్డు గేటు దగ్గర కుళాయి ఉంది కాబట్టి అక్కడ పెట్టారు. తర్వాతి వారం వెళ్తే నూనె అలాగే ఉంది. పిల్లలకి ఏడుపొక్కటే తక్కువ. ఎందుకు వాడలేదని అడిగితే, పని అయ్యేసరికి బయట షేర్ ఆటో హారన్ కొడుతుంటుంది, అది పోతే మళ్ళీ దొరకదు, గేటు దగ్గర ఆగి చేతులు కడుక్కునే టైమ్ ఎవరికుంటుంది అన్నారు. మరి ఖాళీగా నిలబడేది ఎక్కడ? కాటా దగ్గర. తూకం కోసం వరసలో నిలబడి ఉంటారు, ఆ కాసేపూ చేతులకి పనుండదు. సీసా కాటా దగ్గరికి మారింది. ఇంకో ఇబ్బంది, నూనె చేత్తో పంపు నొక్కితే జారిపోతోంది, దానికి పచ్చడి సీసా మూత ఒకటి పంపు మీద అతికించి మణికట్టుతో నొక్కేలా చేశారు. ఈసారి వాడారు. వాడి ఇంకో లోపం చెప్పారు, నూనె చేత్తో డబ్బులు లెక్కపెట్టుకుంటే నోట్లకి అంటుతోంది, సబ్బూ నీళ్ళూ కూడా ఇక్కడే ఉండాలి అని. బకెట్టు వచ్చింది. సీసాని గేటు దగ్గర్నుంచి కాటా దగ్గరికి జరపడానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, ప్రాజెక్ట్ మొత్తంలో నాకు గొప్పగా అనిపించింది అదే. వాళ్ళతో ఇంకోసారి మాట్లాడకపోతే అది ఎవరికీ తట్టేది కాదు.

మెంటర్ల గురించి తప్పకుండా చెప్పాలి. పేరెంట్స్‌ని పనిలో వేలు పెట్టనివ్వలేదు. ఒక నాన్నగారు వాళ్ళబ్బాయి టీమ్ కోసం బయట చేయించిన మోడల్ తీసుకొస్తే, మర్యాదగానే, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. పిల్లలు తప్పు దారిలో వెళ్తున్నా వెంటనే సరిదిద్దకుండా, సీసా గేటు దగ్గర పెడతామంటే పెట్టనిచ్చారు. అంత ఓపిక ఉన్నవాళ్ళు దొరకడం కష్టం.

ఇక నచ్చనివి. చివరి రెండు వారాంతాలూ ఎగ్జిబిషన్‌కే పోయాయి. పీపీటీ చేయడం, స్పీచ్ బట్టీ పట్టడం, ఫ్లెక్స్ మీద ఏ ఫోటో పెట్టాలనే చర్చ. బకెట్టు పెట్టాక మళ్ళీ షెడ్డుకి వెళ్ళి చూడాల్సిన రోజున పిల్లలు స్టేజి మీద ఎటు నుంచి ఎక్కి ఎటు దిగాలో ప్రాక్టీస్ చేస్తున్నారు. ఇది పేరెంట్స్ కోసం చేసే హంగామా, పిల్లల చదువుకి దీంతో పని లేదు. జడ్జీలుగా వచ్చినవాళ్ళు ప్రతి టీమ్‌నీ ఏ టెక్నాలజీ వాడారు, అమ్మితే ఎంతకి అమ్ముతారు అని అడిగారు. ఎవరి కోసం చేశారు, వాళ్ళు వాడి ఏమన్నారు అని ఒక్కరూ అడగలేదు. సెన్సర్‌తో మూత తెరుచుకునే డస్ట్‌బిన్‌కి ఫస్ట్ ప్రైజ్. ఆ పిల్లలు తెలివైనవాళ్ళే, కష్టపడ్డారు, అందులో సందేహం లేదు, కానీ చెత్త వేసేవాళ్ళనీ ఎత్తేవాళ్ళనీ ఎవర్నీ అడగకుండా చేసిన వస్తువుకి మొదటి బహుమతి ఇస్తే మిగతా పిల్లలకి ఏం చెప్పినట్టు? రెండు నెలలు నేర్పినదాన్ని ఒక్క సాయంత్రంలో చెరిపేసినట్టయింది. ప్రైజ్ మా పాపకి రాలేదని ఈ మాట అనడం లేదు, అసలు ఈ కోర్సులో ప్రైజులే ఉండకూడదని నా అభిప్రాయం.

వర్క్‌షీట్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. గుంటూరులో మిర్చి షెడ్డుకి పంపించి, తెలుగులో మాట్లాడి రమ్మని, వచ్చి ఇంగ్లీషులో నింపమంటే తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు వెనకబడిపోయారు. తెలుగులో కూడా అచ్చు వేయడం పెద్ద పనేమీ కాదు, వెంటనే మార్చాలి.

అన్నిటికంటే ముఖ్యమైన లోపం, ఫిబ్రవరి అయిపోయాక ఏమిటి అన్న ఆలోచనే కోర్సులో లేకపోవడం. ఆ షెడ్డులో సీసా అయిపోయింది. ఎవరు నింపాలి? పిల్లలు ఇంట్లోంచి నూనె తీసుకెళ్తామంటున్నారు, అది ఎన్నాళ్ళు. షెడ్డు యజమానిని అడగాలని వాళ్ళకే తోచి ఉత్తరం రాశారు, పరీక్షలు అవ్వగానే నలుగురూ వెళ్ళి ఇస్తారట. ఈ పని కోర్సులో భాగంగా ఉండాల్సింది. బయటివాళ్ళ జీవితంలోకి పిల్లల్ని పంపించి, వాళ్ళకి కాస్త ఆశ పెట్టి, బ్యాచ్ అయిపోయింది కదా అని వదిలేయడం సరైన పని కాదు.

మూడు రోజుల సమ్మర్ క్యాంపులు మాత్రం వద్దు. విజయవాడలో మా అక్క కొడుకుని అలాంటి క్యాంపుకి పంపారు, అక్కడ ఇచ్చిన టాపిక్ వరదలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఎలా మునిగిందో మనందరికీ తెలుసు, రోజుల తరబడి మేడల మీద ఉండిపోయినవాళ్ళు అదే ఊళ్ళో ఉన్నారు. క్యాంపులో పిల్లలు యూట్యూబ్ వీడియోలు చూసి అట్టతో డ్రోన్ చేసి వచ్చారు. అప్పట్లో డ్రోన్లతో నిజంగానే ఆహారం పంచారు, కాబట్టి అది తెలిసిన జవాబే. ఆ ఇళ్ళలో ఒక్కరితో మాట్లాడించి ఉంటే వాళ్ళకి ఏ అవసరం ముందు వచ్చిందో తెలిసేది. మూడు రోజుల్లో వెళ్ళడానికీ, చేయడానికీ, మళ్ళీ వెళ్ళడానికీ టైమ్ ఎక్కడిది.

అంత ఫీజు పెట్టలేని వాళ్ళకి దారులు లేకపోలేదు. మీ పిల్లల స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసే గది, ఉందేమో అడగండి. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన పథకం, 6 నుంచి 12వ తరగతి దాకా, ఎంపికైన స్కూలుకి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. ల్యాబ్ ఉండి తాళం వేసి ఉంటే పేరెంట్స్ మీటింగ్‌లో గట్టిగా అడగండి. పిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకానికి స్కూలు ద్వారా ఐడియా పంపితే, ఎంపికైన వాళ్ళకి మోడల్ చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే వేస్తారు. అహ్మదాబాద్‌లో రివర్‌సైడ్ స్కూల్ పెట్టిన కిరణ్ బీర్ సేథీ 2009లో, పిల్లలే తమ చుట్టూ ఉన్న సమస్యలకి పరిష్కారం వెతికే డిజైన్ ఫర్ ఛేంజ్ కార్యక్రమం మొదలుపెట్టారు, వాళ్ళ పద్ధతిలో నాలుగే మెట్లు, ఫీల్, ఇమాజిన్, డూ, షేర్. చిన్న క్లాసుల పిల్లలకి అయిదు మెట్ల కంటే ఇదే తేలిగ్గా ఎక్కుతుంది, ఒక టీచర్ ఆసక్తి చూపిస్తే మామూలు ప్రాజెక్ట్ వర్క్‌నే ఇలా చేయించవచ్చు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) కూడా ఉంది, 2015లో నాగార్జున యూనివర్సిటీ ప్రాంగణంలోనే మొదలైంది, డిజైన్‌ని చదువుగా తీసుకోవాలనే పిల్లలు డిగ్రీ స్థాయిలో అక్కడికి ఎంట్రన్స్ రాయవచ్చు.

జూన్‌లో ఇదే కోర్సు కొత్త బ్యాచ్ ఉందంటున్నారు. మా చిన్నవాడు ఆరులోకి వస్తాడు, వాడినీ పంపిస్తాం. ఫీజు కట్టే ముందు మాత్రం టైమ్‌టేబుల్ చేతికి ఇవ్వమని అడుగుతాను, అందులో పిల్లలు బయటికి వెళ్ళే రోజులెన్ని, స్టేజి ప్రాక్టీసుకి పెట్టిన రోజులెన్ని అని చూసి, రెండోది ఎక్కువుంటే మార్చమంటాను. మీరూ అదే అడగండి. పదిమంది పేరెంట్స్ అడిగితే మారుస్తారు, ఆ మెంటర్లకి కూడా కావాల్సింది అదే.